పాటలు మీ పని కాదా? గ్రంథాలయ సంస్థల పెద్దలకు గుమ్మఘట్ట నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ శాఖ అధికారులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు, గ్రంథపాలకులకు,



"క్యాసెట్లా? అవి మేం తీసుకోమండీ. పుస్తకాలైతే ఇవ్వండి."

ఒక గ్రంథాలయంలో నాకు దొరికిన జవాబిది. ఏ ఊరి గ్రంథాలయమో చెప్పను, ఎందుకంటే నా ఫిర్యాదు ఆ ఊరి మీద కాదు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి మీదా కాదు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. నేను ఒప్పుకోలేనిది ఆ జవాబు వెనకున్న ఆలోచనను. కాయితం మీద అచ్చయిందే దాచదగిందనీ, చెవికి వినిపించేదంతా కాలక్షేపమనీ, పాటను భద్రం చేయడం గ్రంథాలయాల పని కాదనీ మీ వ్యవస్థ మొత్తం నమ్ముతోంది. ఆ నమ్మకం వల్ల ఈ కరువు సీమ ఏం పోగొట్టుకుంటోందో మీకు నలుగురి ముందూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా గుమ్మఘట్ట మండలం. పక్కనే హగరి, దాని మీద భైరవానితిప్ప జలాశయం ఉన్నా మోడాల కోసం ఆకాశం చూసే పల్లెలు మావి. చెనక్కాయ పంట వరసగా చేతికి రాని ఏళ్ళలో ఇంటికి తాళం వేసి బెంగళూరు దారి పట్టిన సంసారాల్లో మాదీ ఒకటి. మా నాయన కూడబెట్టిన క్యాసెట్ల ట్రంకుపెట్టె రేకుల కొట్టంలో ఉండిపోయింది. మళ్ళీ వచ్చి చూసేసరికి వేడికి కొన్నిటి పెంకులు వంగిపోయాయి. రేకుల సందున దిగిన నీళ్ళకు కొన్ని టేపులు పొరకు పొర అంటుకుపోయాయి. పైన అంటించిన చీటీలను చెదలు తినేశాయి. బాగున్నవాటిలోనైనా ఏది ఏదో తెలిసే దారి లేదు. ఇలాంటి పెట్టెలు మా మండలంలో ఎన్ని ఇళ్ళల్లో ఇలాగే పోయి ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఆ పెట్టెను మళ్ళీ నింపాలని పూనుకున్నాకే పోయిన పాటలన్నీ ఒక్క తీరువి కావని అర్థమైంది.

సినిమా పాటలు తేలిగ్గా తిరిగొచ్చాయి. ఘంటసాల, లీల, జిక్కి ఫోనులోనే దొరుకుతారు. వాళ్ళ పాటలు కంపెనీలు అమ్మినవి, లక్షల ఇళ్ళలో ఉన్నవి. ఒక ఇంట్లో పోతే ఇంకో ఇంట్లో ఉంటాయి.

రంగస్థల పద్యాలు సగమే తిరిగొచ్చాయి. కానీ వాటి వెంట పోతూ పోతూ నేను ఎన్నడూ వినని పాతకాలంలోకి వెళ్ళిపోయాను. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర కాటిసీను కోసం వెతికితే బండారు రామారావు గారు దొరికారు. ఆయన్ని వింటుంటే అంతకు ముందు తరం ఎలా పాడిందోనన్న ఆశ పుట్టి కపిలవాయి రామనాథశాస్త్రి గారి గ్రామఫోను రికార్డుల దగ్గరకు చేరాను. మైకు లేని పందిట్లో చిట్టచివర చాప మీద కూర్చున్నవాడికీ పద్యం మాటమాటా అందేలా పై శ్రుతిలో పాడిన తరమది. 1925 ప్రాంతంలో విద్యుత్ మైకు వచ్చేదాకా రికార్డు చేసే గదిలోనూ పెద్ద కొమ్ము గొట్టం ముందు నిలబడి పాడాల్సిందే. గొంతులోంచి వచ్చిన అదురే అవతల సూదిని కదిలించి మైనం మీద గీత గీసేది. ఆ గీతలోంచి, గరగర చప్పుడు మధ్య నుంచి, పద్యం పాదం చివర గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో, హార్మోనియం ఎక్కడ అందుకుందో వినిపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. మా నాయన ఇష్టపడ్డ గాయకులు ఎవరి దగ్గర నేర్చి, ఎవరిని దాటాలని పాడారో అప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్ళేకొద్దీ ముందు విన్న పాట కూడా కొత్తగా వినిపించింది. ఏ చదువరికైనా పాత పుస్తకం చేసే మేలు కూడా ఇదే కదా?

అయితే ఆ రికార్డులకూ ఒక హద్దుంది. 78 వేగం రికార్డుకు ఒక పక్కన మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. తెల్లవార్లూ నడిచే నాటకంలో ఒక్క పద్యానికి గాయకుడు తీసే రాగం ఆ మూడు నిమిషాల్లో ఇమడదు. కంపెనీ కోసం కుదించి పాడారు. కుదించని పాట ఎక్కడుంది? ఊరి జాతరలో ఎవరో మైకు పక్కన టేపురికార్డరు పెట్టి పట్టుకున్న తొంభై నిమిషాల క్యాసెట్టులో ఉంది. పక్కకు నలభై ఐదు నిమిషాలు. అందులో పద్యం పూర్తిగా ఉంది, రాగం పూర్తిగా ఉంది, జనం "వన్స్ మోర్" అని అరిచాక రెండోసారి వేరే పోకడతో పాడిన వరసా ఉంది. పేరున్న కంపెనీలు దాచలేనిది ఊరివాళ్ళు తమకు తెలియకుండానే దాచారు. మీరు తీసుకోమన్నది ఇలాంటి క్యాసెట్లనే.

ఇక అసలే తిరిగిరానిది మా పల్లెల సొంత సంగీతం. దేవర జాతరలో ఉరుములవాళ్ళు మోగించిన ఉరుము, మైలారలింగని గొరవయ్యల డమరుకం, పిల్లనగోవి, చెక్కభజన దళం గురువు చెప్పిన జతులు, కన్నడమూ తెలుగూ కలిసి నడిచే బయలాట, చెనక్కాయలు ఒలుస్తూ ఆడవాళ్ళు కట్టుకున్న పాటలు, పెళ్ళిలో నలుగు పాటలు. వీటిని ఏ కంపెనీ అమ్మలేదు. రెండో ప్రతి ఎక్కడా లేదు. ఈ పాటలను నేను ఏ అంగట్లో అడగాలి? ఎవరికి డబ్బు కట్టి కొనుక్కోవాలి? ఇంట్లో పోయినదాన్ని ఊళ్ళో వెతుక్కుంటాం, ఊళ్ళో పోయినదాన్ని గ్రంథాలయంలో వెతుక్కుంటాం. గ్రంథాలయంలో ఏనాడూ చోటు దొరకని పాటను ఎక్కడ వెతుక్కోవాలో చెప్పండి.

పాటలకూ పుస్తకాలున్నాయి కదా, జానపద గేయ సంకలనాలు మా బీరువాల్లో ఉన్నాయి కదా అంటారేమో. దానికి జవాబు మా జిల్లాలోనే ఉంది.

మాకు ఎంతో దూరం కాని కంబదూరు మండలంలో రాళ్ళపల్లి అనే ఊరుంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1893లో అక్కడ పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పి, ఆ తరువాత తిరుపతి చేరి అన్నమయ్య కీర్తనలకు స్వరకల్పన చేశారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆ స్వరకల్పన ఎందుకు అవసరమైందో ఒక్కసారి ఆలోచించండి. పదిహేనో శతాబ్దంలో పుట్టిన పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల సంకీర్తన భాండారంలో భద్రం చేశారు. అన్నమయ్య ముప్పైరెండు వేలు రాశాడని ప్రతీతి. ఇరవయ్యో శతాబ్దంలో రేకులు బయటపడ్డాక చూస్తే పన్నెండు వేలకు పైగా దొరికాయి. రేకు మీద మాట చెక్కుచెదరలేదు. ప్రతి పాట నెత్తిన రాగం పేరు కూడా ఉంది. అన్నమయ్య నోట ఆ పాట ఎలా నడిచిందో మాత్రం ఏ రేకూ చెప్పలేదు. పాడేవాళ్ళ పరంపర తెగింది, దాంతో వరస పోయింది. రాళ్ళపల్లి వారంతటి విద్వాంసుడు కూడా ఆ వరసలను తిరిగి తేలేదు, తేవడం ఎవరి తరమూ కాదు. తన పాండిత్యంతో కొత్త వరసలు కట్టారు, వాటికి మనం రుణపడి ఉన్నాం.

రాగి వంటి లోహం మీద, దేవుడి గుడిలో, అంత జాగ్రత్తగా దాచిన సంగీతానికే ఈ గతి పట్టిందంటే, అచ్చు పుస్తకంలో ఉన్న పల్లెపాటకు ఏ గతి పడుతుంది? ఆ కాలంలో గొంతును పట్టే యంత్రం లేదు, అందుకని ఎవరినీ తప్పుపట్టలేం. ఇప్పుడు ఉంది. పట్టిన గొంతులు ఇళ్ళల్లో ఉన్నాయి. వాటిని తెచ్చి ఇస్తామన్నా తీసుకోమంటే, రేపు వచ్చే తరానికి మీరు ఏమని సమాధానం చెబుతారు?

మా ప్రాంతానికి ఇంకో చిక్కుంది. 1953 అక్టోబరు 1 దాకా మా రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ నడిపింది బళ్ళారిలోనే. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ బళ్ళారిలోదే. తాడిపత్రిలో పుట్టిన రాఘవ ఇంటిపేరు మరుగునపడి బళ్ళారి రాఘవ అయ్యారు. అంటే తెలుగు నాటకం ఆనాటి మా జిల్లా కేంద్రంలో పెరిగింది. ధర్మవరం వారు 1912లో పోయారు. ఆయన నాటకాలు పుస్తకాలుగా మీ దగ్గర ఉండవచ్చు, ఆయన నటులకు నేర్పిన పాడే తీరు పుస్తకంలో దొరకదు. ఆ సంప్రదాయం నుంచి మా పల్లె నాటక సమాజాలకు దిగివచ్చిన పోకడలు ఇంకా కొన్ని ముసలి గొంతుల్లో, కొన్ని క్యాసెట్లలో మిగిలి ఉన్నాయి. ఇది తెలుగు కాబట్టి అవతలి రాష్ట్రం పట్టించుకోదు. బళ్ళారిది కాబట్టి ఇవతలి రాష్ట్రం పట్టించుకోదు. సరిహద్దులో ఉండిపోయిన పాటకు దిక్కెవరు? అనంతపురం, కర్నూలు జిల్లాల గ్రంథాలయ సంస్థలు కాకపోతే మరెవరు?

"ఇప్పుడన్నీ యూట్యూబులో ఉన్నాయండీ" అన్న మాట కూడా నేను విన్నాను. మంచి మనసుతో పాత పాటలు అక్కడ పెడుతున్నవాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. నేను వెతుక్కున్న రంగస్థల పద్యాల్లో చాలా భాగం అలాంటివాళ్ళ పుణ్యమే. కానీ ఒక వ్యక్తి ఇష్టంతో పెట్టిన పాట ఆ వ్యక్తి ఖాతా మూసేస్తే పోతుంది. ఎవరు పాడారో, ఏ ఊళ్ళో, ఏ ఏట పాడారో చాలావాటికి రాసి ఉండదు. మైస్పేస్ అనే సంస్థ తన యంత్రాలను మార్చేటప్పుడు పన్నెండేళ్ళ పాటు జనం దాచుకున్న సంగీతాన్ని పోగొట్టుకుంది. ఆ సంగతి 2019లో బయటికొచ్చింది. పోయినవి ఐదు కోట్లకు పైగా పాటలని అప్పట్లో వార్తలొచ్చాయి. అడిగే హక్కు ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే అది వ్యాపారం, బాధ్యత కాదు. మన విషయంలోనూ అదే జరిగింది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రతి ఈనాడు లేదు. తీసినవాళ్ళు, ఆడించినవాళ్ళు వ్యాపారం ముగించుకుని వెళ్ళిపోయారు. దాచే బాధ్యత ఎవరిదీ కాలేదు. బాధ్యత పడే సంస్థ అంటూ ఉంటే అది మీదే కదా?

ఆ బాధ్యత మాకు చట్టంలో ఎక్కడుందని మీరు అడగవచ్చు. మొదట డబ్బు సంగతి చూడండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. గుమ్మఘట్టలో రేకుల ఇల్లున్నవాడూ, బేలోడులో మట్టిమిద్దె ఉన్నవాడూ ఆ ఎనిమిది పైసలు కడుతున్నారు. వాళ్ళలో చదువు రానివాళ్ళున్నారు. జన్మలో ఒక్క పుస్తకం తెరవని ముసలమ్మ ఉంది, ఆమెకు వంద పాటలు నోటికి వచ్చు. ఆమె మీ సంస్థను పోషిస్తోంది. ఆమెకు తెలిసిన విద్యలో ఒక్క ముక్కకైనా మీ బీరువాలో చోటుందా?

ఇక హక్కుల భయం. పాట రికార్డు చేసుకుంటే ఎవరో కేసు వేస్తారన్న అనుమానం చాలామంది గ్రంథపాలకుల్లో ఉండవచ్చు. కాపీరైటు చట్టం, 1957కు 2012లో చేసిన సవరణ మీలాంటివారి కోసమే ఒక దారి తెరిచింది. లాభం కోసం నడవని పౌర గ్రంథాలయం తన దగ్గర ఉన్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చని 52వ సెక్షను చెబుతోంది. అది పుస్తకాలకే పరిమితం కాదు. అంటే క్యాసెట్టును తీసుకుని ముందు మీ సొంతం చేసుకోండి, ఆ తరువాత దాన్ని కాపాడే హక్కు చట్టమే ఇస్తుంది. విడుదలైన రికార్డు మీద హక్కు అరవై ఏళ్ళు. ఆ లెక్కన 1964 దాకా విడుదలైన గ్రామఫోను రికార్డుల మీద కంపెనీల హక్కు ముగిసిపోయింది. రచన మీద హక్కు కవి పోయాక అరవై ఏళ్ళు. పాండవోద్యోగ విజయాలు రాసిన జంట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు 1950లో, హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి వారు 1953లో పోయారు. అవన్నీ ఇప్పుడు ప్రజల ఆస్తి. ప్రజల ఆస్తిని ప్రజల సంస్థ దాచడానికి ఇంకెవరి అనుమతి కావాలి?

సిబ్బంది లేరనీ, స్థానిక సంస్థలు వసూలు చేసిన పన్ను సకాలంలో జమ చేయడం లేదనీ మీరు అనవచ్చు. ఈ గోడు నిజమని ఒప్పుకుంటాను, ఆ బాకీల కోసం మీరు పోరాడితే మీ వెంట ఉంటాను. కానీ నేను అడుగుతున్న పని ఎంతటిదో లెక్క చూడండి. భాండాగారాల్లో పాటించే మంచి ప్రమాణంతో, అంటే 24 బిట్లు, 96 కిలోహెర్ట్‌జ్‌తో, కుదించకుండా మార్చుకుంటే గంట పాటకు రెండు గిగాబైట్ల చిల్లర పడుతుంది. తొంభై నిమిషాల క్యాసెట్లు వెయ్యి మార్చినా నాలుగు టెరాబైట్ల హార్డు డిస్కు ఒక్కటి చాలు. జాగ్రత్త కోసం రెండో ప్రతి ఇంకో ఊళ్ళో పెట్టుకున్నా రెండు డిస్కులు. క్యాసెట్టు ఎంతసేపుందో మార్చడానికి అంతసేపూ పడుతుంది, అంటే వెయ్యికి పదిహేను వందల గంటలు. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే ఒక మనిషికి ఏడాది పని. ఒక జిల్లా ధ్వని చరిత్రను నిలబెట్టడానికి ఒక మనిషి, ఒక గది, ఒక ఏడాది మీకు ఎక్కువైందా?

ఆలస్యం చేయడానికి మాత్రం వీల్లేదు. టేపు మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు చెడిపోతుంది, చెడిన టేపు యంత్రం హెడ్డుకు రాసుకుని పొడి రాలుతుంది. టేపును ఆడించే మంచి యంత్రాలు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. పాత యంత్రాల రబ్బరు బెల్టులు కరిగి జిగురైపోతున్నాయి. క్యాసెట్టుకు తగ్గట్టు చిన్న స్క్రూ తిప్పి హెడ్డు సరిచేయగల మెకానిక్కులు వయసు మళ్ళారు, రాయదుర్గంలో, బళ్ళారిలో వాళ్ళ అంగళ్ళు మొబైలు దుకాణాలయ్యాయి. యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం కలిసి టేపుల గురించి ప్రపంచాన్ని హెచ్చరించాయి. 2025 ప్రాంతానికి ఆడించే యంత్రాలే దొరకని పరిస్థితి వస్తుందని అప్పుడే చెప్పాయి. ఆ గడువు మన ముందుకు వచ్చేసింది. యంత్రం ఎలాగో సంపాదించినా, టేపులో వినిపించే గొంతు ఎవరిదో చెప్పగల ముసలివాళ్ళను ఎక్కడి నుంచి తెస్తారు? చీటీ చెదలు తిన్న క్యాసెట్టుకు వాళ్ళ జ్ఞాపకమే చీటీ.

ఇది ఎవరూ చేయని వింత పని కాదు. జార్జి గ్రియర్సన్ ఆధ్వర్యంలో సాగిన భారత భాషల సర్వేలో, వందేళ్ళ నాడే, తెలుగు గొంతును గ్రామఫోను పళ్ళేల మీద పట్టారు. వాటిని ఈ రోజు మనం వింటున్నది షికాగో విశ్వవిద్యాలయం తెరిచి పెట్టినందుకు. మన పొరుగున తమిళనాడులో రోజా ముత్తయ్య అనే ఒక్క మనిషి కోట్టయూరులో కూడబెట్టిన పుస్తక సంపద ఆయన పోయాక చెల్లాచెదురు కాకుండా 1994లో చెన్నైలో పరిశోధన గ్రంథాలయమైంది. ఒక్క మనిషి సేకరణను కాపాడే సంస్థ దొరికితే భాషకు ఎంత మేలో తమిళులు చూపించారు. మనకు వి.ఎ.కె. రంగారావు గారి వంటి సేకర్తలున్నారు. వాళ్ళ శ్రమను అందుకునే పౌర సంస్థ ఏది?

మన సీమలోనే చూడండి. కడపలో బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి, ఇళ్ళల్లో చెదలు పట్టిపోతున్న తాళపత్రాలను పోగు చేయించి, వేమన పద్యాలను లోకానికి అందించాడు. ఆ బ్రౌను పేరిట కడపలో గ్రంథాలయం నిలవడానికి ఎన్నో ఏళ్ళు తిరిగిన జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు మా రాయదుర్గంలో పుట్టినవారు. రాయలసీమ గ్రంథాలయోద్యమానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారంతటివారు పెద్దదిక్కు. వాళ్ళు ఈ రోజు ఉంటే క్యాసెట్ల పెట్టెను గడప దగ్గరే ఆపేవారా? నాటి తాళపత్రాలు ఎలాంటివో నేటి క్యాసెట్లు అలాంటివే. ఇంటింటా ఉన్నాయి, ఒకటే ప్రతి ఉంది, పాడైపోతున్నాయి.

అందుకని మిమ్మల్ని నేరుగా అడుగుతున్నాను.

ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ధ్వని సామగ్రికి ఒక రిజిస్టరు తెరవండి. క్యాసెట్టు, గ్రామఫోను రికార్డు, స్పూలు టేపు, ఎవరు తెచ్చి ఇచ్చినా పుస్తకానికి ఇచ్చినట్టే నంబరిచ్చి, రసీదిచ్చి తీసుకోండి. ఇచ్చినవారికి వారి పాట డిజిటల్ ప్రతి ఇవ్వండి. చాలా ఇళ్ళు ఆ ఒక్క హామీ కోసమే పెట్టెలు తెరుస్తాయి.

జిల్లాకు ఒక గది కేటాయించండి. మంచి క్యాసెట్ డెక్కు, 78 వేగం సూది ఉన్న రికార్డు ప్లేయరు, ఒక కంప్యూటరు, ఒక శిక్షణ పొందిన మనిషి. ఆ గదిలోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే నాలుగు సీట్లు వేయండి. పోటీ పరీక్షల కోసం మీ దగ్గరకు వచ్చే పిల్లలు ఒక అరగంట కపిలవాయి వారి పద్యం విని వెళితే వాళ్ళ తెలుగు బాగుపడుతుందే కానీ చెడదు.

జాతరల కాలంలో శాఖా గ్రంథాలయాల వాళ్ళను పల్లెలకు పంపండి. ఉరుములవాళ్ళను, గొరవయ్యలను, భజన గురువులను, పాటలు వచ్చిన ఆడవాళ్ళను వాళ్ళ సమ్మతితో రికార్డు చేయించండి. ప్రతి పాట దగ్గరా పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చారో రాయించండి. ఇన్నాళ్ళూ సినిమా పాటకు గాయకుడి పేరు వేసి, ఊరి పాటకు జానపదం అని ఒక్క మాట రాసి వదిలేశాం. ఆ అన్యాయాన్ని మీ రిజిస్టరు దగ్గరైనా సరిదిద్దండి. వాళ్ళ రోజు కూలి వాళ్ళకు ఇవ్వండి, ఎందుకంటే పాట కోసం కూర్చున్న రోజు వాళ్ళకు పని దినం పోతుంది.

ఆకాశవాణితో మాట్లాడండి. అనంతపురం, కడప కేంద్రాలు మా ప్రాంతపు కళాకారుల గొంతులను ఏళ్ళ తరబడి ప్రసారం చేశాయి. వాటిలో ఇప్పటికీ భద్రంగా ఉన్నవాటి జాబితానైనా ప్రజలకు తెలిసేలా తెప్పించండి. బళ్ళారి గ్రంథాలయాలతో ఒప్పందం చేసుకుని హద్దుకు రెండు వైపులా ఉన్న నాటక సంగీతాన్ని ఒక్క జాబితాలోకి తీసుకురండి. రాష్ట్రాలు విడిపోయినా పాట విడిపోలేదు.

పుస్తకాలు అచ్చయితే వాటి ప్రతులను నాలుగు జాతీయ స్థాయి గ్రంథాలయాలకు పంపి తీరాలని 1954లోనే ఈ దేశంలో చట్టం వచ్చింది. పాటకు అలాంటి చట్టం నేటికీ లేదు. అది తెమ్మని ఢిల్లీని అడగాల్సింది మీ వంటి వృత్తిలో ఉన్నవారే. మీరు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా మీరు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. పిల్లలకు పాటల పోటీలు పెడతారు, బహుమతులు ఇస్తారు, సభల్లో గ్రంథాలయాలు ప్రజల విశ్వవిద్యాలయాలని చెబుతారు. ఆ మాట నిజమని నేనూ నమ్ముతాను. అందుకే ప్రైవేటు కంపెనీకో, దాతకో కాకుండా మీకు రాస్తున్నాను. ఈసారి వారోత్సవాలకు ముందే ధ్వని సామగ్రిని స్వీకరించాలని అన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. కుదరదనుకుంటే ఎందుకు కుదరదో అంతే బహిరంగంగా చెప్పండి. ఎనిమిది పైసలు కట్టే ప్రతి ఇంటికీ ఆ జవాబు అడిగే హక్కుంది. ఆ ఇళ్ళ తరఫున నేను అడుగుతున్నాను. మీ జవాబు కాయితం మీద రావాలి.

భవదీయుడు,
గుమ్మఘట్ట మండలం నుంచి ఒక గ్రంథాలయ పాఠకుడు